ఉచితమైనదాన్ని అమ్మడం ఉచితమేనా?



మన భాషలో ఒక తమాషా ఉంది. ‘ఉచితం’ అంటే డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చేది. అదే మాటకి తగినది, న్యాయమైనది అనే అర్థం కూడా ఉంది. ఉచితానుచితాలు తెలియని మనిషి అంటాం చూడండి, అక్కడున్నది ఆ రెండో అర్థమే. పైన పెట్టిన ప్రశ్నలో మొదటి ఉచితం డబ్బు సంగతి, రెండోది ధర్మం సంగతి. ఎవరో కష్టపడి రాసి, తీసుకోండి అని ప్రపంచం ముందు పెట్టిన సాఫ్ట్‌వేర్‌ని ఇంకెవరో పట్టుకెళ్లి డబ్బుకి అమ్మితే అది వ్యాపారమా, మోసమా?

నేను పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. రాత్రిళ్లు, ఆదివారాలు మన ఛానెల్ వీడియోలకి ఎడిటింగ్, సబ్‌టైటిల్స్ చూస్తాను. విచిత్రం ఏంటంటే ఈ ప్రశ్న నాకు ఆఫీసులో ఎప్పుడూ గట్టిగా తగల్లేదు. కాకినాడలో మా మావయ్య దగ్గర తగిలింది.

మావయ్య ఒక అన్నదాన ట్రస్టుకి ట్రెజరర్. శనివారాలు, పౌర్ణములు భోజనాలు పెడతారు, కార్తీకమాసంలో అయితే రోజూ. అంతా చందాల డబ్బే. ఒకరు పెళ్లిరోజని 1,116 ఇస్తారు, ఇంకొకరు నాన్నగారి పేరు మీద బియ్యం బస్తాలు పంపుతారు. ఆ రసీదులు, సరుకులు, జమాఖర్చులు చూసుకోవడానికి మూడేళ్ల కిందట ఒకాయన దగ్గర ఒక ప్రోగ్రామ్ కొన్నారు. పెట్టినందుకు 60,000. తర్వాత ఏటా ‘లైసెన్స్ రెన్యువల్’ అని 18,000, అదీ అయిదుగురు వాడుకోవడానికి. ఆరో మనిషికి లాగిన్ కావాలంటే మళ్లీ వేరే డబ్బు.

ఈ మధ్య పండక్కి ఇంటికెళ్తే మావయ్య పక్కకి పిలిచి అడిగాడు. “ఒరేయ్, ఎవరో కాలేజీ కుర్రాడొచ్చి ఇది ఇంటర్నెట్లో ఊరికే దొరికేదేనండీ అని చెప్పెళ్లాడ్రా. మనల్ని ముంచేశారా ఏంటి? అదంతా భోజనాలు పెట్టాల్సిన డబ్బు.”

వెళ్లి చూశాను. పైన లోగో, పేరు అమ్మినాయనవి. లోపల ఉన్నది ఈఆర్‌పీనెక్స్ట్. ముంబైలో ఫ్రాపే అనే కంపెనీ తయారుచేసి, జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్స్ కింద అందరికీ వదిలిన సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా దింపుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కుర్రాడు చెప్పింది నిజమే.

అయితే ముంచేశాడు అని నేను వెంటనే అనలేకపోయాను. ఎందుకో చెప్పడానికి మన పురోహితుల్నే ఉదాహరణగా తీసుకుంటాను. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన శాస్త్రిగారికి దక్షిణ ఇస్తాం. ఆయన చదివిన మంత్రాలు ఆయన రాసినవి కావు, కథ ఆయనది కాదు. పుస్తకం కొట్లో దొరుకుతుంది, యూట్యూబ్‌లో ఊరికే వినొచ్చు. అయినా “మంత్రాలు ఫ్రీయే కదండీ, మీకు డబ్బులెందుకు” అని ఎవరూ అడగరు. ఆయన రావడానికి, ఏ పూజ తర్వాత ఏది చెయ్యాలో తెలిసి ఉండడానికి, మన ఇంట్లో మూడు గంటలు కూర్చోవడానికి ఇస్తున్నామని మనకి తెలుసు. కానీ ఆయన వెళ్తూ వెళ్తూ “ఈ మంత్రాలు నావి. వచ్చే ఏడాది కూడా చదువుకోవాలంటే నాకు ఇంత కట్టండి. మీ పెద్దబ్బాయి కూడా చదివితే ఇంకొంత” అన్నాడనుకోండి? అప్పుడు మనకి నవ్వొస్తుంది, తర్వాత కోపమొస్తుంది.

మావయ్య కేసు ఈ రెండిటి మధ్యలో ఉంది.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఓపెన్ సోర్స్‌ని అమ్మకూడదు అని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఈ ఉద్యమానికి మూలపురుషుడైన రిచర్డ్ స్టాల్‌మన్ 1985 ప్రాంతంలో తన ఈమాక్స్ ప్రోగ్రామ్‌ని టేపు మీద ఎక్కించి 150 డాలర్లకి అమ్మేవాడు. ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవాళ్లు ఊరికే తీసుకోవచ్చు, లేనివాళ్లు టేపుకి డబ్బు కట్టొచ్చు. జీపీఎల్ నాలుగో సెక్షన్‌లో కూడా కాపీకి ఎంత ధరైనా పెట్టుకోవచ్చు, అసలు పెట్టకపోయినా పర్లేదు అనే అర్థం వచ్చేలా స్పష్టంగానే ఉంటుంది.

దీనికి ఉల్టాగా నడిచి వెనక్కి వచ్చిన కథ లినక్స్‌ది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదటిసారి లినక్స్‌ని విడుదల చేసినప్పుడు ఎవరూ దీనికి డబ్బు తీసుకోకూడదు అని షరతు పెట్టాడు. చేతి ఖర్చులకి కూడా వీల్లేదు. వినడానికి చాలా పవిత్రంగా ఉంది కదా? కానీ ఫ్లాపీల మీద కాపీ చేసి జనానికి అందించేవాళ్లకి ఫ్లాపీ ఖర్చు, శ్రమ ఖర్చు కూడా తీసుకునే వీలు లేకుండా పోయింది. 1992లో ఆ షరతు తీసేసి జీపీఎల్‌కి మారాడు. ఆ తర్వాతే లినక్స్ ఊరూరికీ చేరింది. అమ్మకాన్ని నిషేధిస్తే దానం ఎక్కువమందికి చేరుతుందని మనం అనుకుంటాం, ఇక్కడ జరిగింది వేరు.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటతో వాళ్లు నలభై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. మనకా బాధ లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో తెలుగు లినక్స్ కోసం మొదలైన సంస్థ తన పేరు ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది. ఎంత చక్కని పేరో! ఓపెన్ సోర్స్ రాసినవాడు మనకిచ్చేది స్వేచ్ఛ. ఉచితం అనేది దాంతో పాటు తరచుగా వచ్చే కొసరు మాత్రమే.

ఇంకో రకంగా చెప్తాను. దానం చేసేటప్పుడు మనం సంకల్పం చెప్పుకుంటాం. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనికోసం ఇస్తున్నారో చెప్పి, ఇక నాది కాదు అని నీళ్లు వదులుతాం. నా దృష్టిలో లైసెన్స్ అంటే ఆ సంకల్పమే. జీపీఎల్ సంకల్పం ఏమంటుంది? ఇది నీదే, వాడుకో, విప్పి చూడు, మార్చుకో, కావాలంటే అమ్ముకో. కానీ నువ్వు ఎవరికి ఇస్తావో వాళ్లకి కూడా నేను నీకిచ్చిన హక్కులన్నీ ఇవ్వు. మధ్యలో తుంచెయ్యకు. అంతే. ధర గురించి పట్టింపు లేదు. హక్కు కొనసాగాలనే పట్టింపు మాత్రం గట్టిగా ఉంది.

ఈ కొలతతో మావయ్య ట్రస్టు బిల్లు చూద్దాం. ఆ 60,000 గురించి నాకు పేచీ లేదు. ఆయన సర్వర్ పెట్టాడు, పాత రిజిస్టర్లు చూసి దాతల పేర్లు ఎక్కించాడు, తెలుగులో రసీదు వచ్చేలా మార్చాడు, 80జీ సర్టిఫికెట్లకి కావలసిన లెక్క కుదిర్చాడు, జీవితంలో మౌస్ పట్టుకోని గుమస్తాగారికి నెల రోజులు ఓపిగ్గా నేర్పాడు. ఒక కార్తీక సోమవారం నాడు సిస్టమ్ మొరాయిస్తే రాత్రి తొమ్మిదింటికి వచ్చి బాగుచేశాడట. ఇది పని. పనికి కూలి అడగడం ధర్మమే.

లోగో మార్చుకోవడం కూడా తప్పు కాదు. రాసినవాళ్ల కాపీరైట్ నోటీసులు చెరపకుండా ఉంచితే చాలు. కానీ ఏటా 18,000కి ఆయన వాడిన మాట ‘లైసెన్స్’. అక్కడే వచ్చింది తేడా. జీపీఎల్ మూడో వెర్షన్ పదో సెక్షన్ ప్రకారం ఈ హక్కులు వాడుకున్నందుకు లైసెన్స్ ఫీజు, రాయల్టీ లాంటివి వసూలు చెయ్యడానికి వీల్లేదు. ప్రోగ్రామ్ చేతికొచ్చిన క్షణంలోనే ట్రస్టుకి లైసెన్స్ అసలు రాసినవాళ్ల నుంచి నేరుగా వచ్చేసింది. మధ్యలో ఈయన రెన్యువల్ చేసేదేమీ లేదు. ఆరో మనిషిని ఆపే హక్కూ లేదు. పైగా వేరే ఎవరితోనో చిన్న మార్పు చేయించుకుంటాం, సోర్స్ కోడ్, పాస్‌వర్డ్ ఇవ్వండి అని ట్రస్టువాళ్లు అడిగితే “ఆయ్, అది మా సొంత ప్రోడక్టండి, ఇవ్వడానికి కుదరదండి” అన్నాడట. సర్వర్ ట్రస్టు ఆఫీసులోనే, బీరువా పక్కన ఉంది. అంటే ప్రోగ్రామ్ కాపీ వాళ్ల చేతికి ఇచ్చినట్టే, కాబట్టి సోర్స్ కోడ్ వాళ్లు అడగొచ్చు, ఆయన ఇవ్వాలి. (తన సొంత సర్వర్‌లో పెట్టి ఇంటర్నెట్‌లో వాడుకోనిస్తే లెక్క వేరు, జీపీఎల్ అక్కడికి రాదు. దానికోసం ఏజీపీఎల్ అని ఇంకోటుంది. లోతుకి వెళ్లను.)

కాబట్టి దొంగతనం జరిగింది, కానీ మావయ్య అనుకున్నచోట కాదు. రాసినవాళ్ల దగ్గర ఆయన ఏమీ దొంగిలించలేదు, వాళ్లే తీసుకోమన్నారు. కొన్నవాళ్లకి రావలసిన స్వేచ్ఛని మధ్యలో నొక్కేశాడు. అస్తేయం అంటే వస్తువు కాజెయ్యకపోవడం అని చిన్నప్పుడు చదువుకున్నాం. ఒకరికి చేరాల్సిన హక్కుని చేరనివ్వకపోవడం కూడా అందులోకే వస్తుందని నా అభిప్రాయం.

మావయ్యకి ఇదంతా చెప్పాక ఆయనే వెళ్లి మాట్లాడాడు. గొడవ పడలేదు. ఇప్పుడు బిల్లులో ‘లైసెన్స్’ అనే మాట పోయింది, ‘ఏడాది సర్వీసు’ అని వస్తోంది. పాస్‌వర్డులు ట్రస్టు దగ్గర ఉన్నాయి, లాగిన్లు ఎంతమందికైనా ఇచ్చుకోవచ్చు. మొత్తం మాత్రం 18,000 నుంచి 20,000 అయింది! పండగ రోజుల్లో పిలిస్తే రావాలి అని మావయ్యే రాయించుకుని పెంచాడు. పోయినేడు కంటే ఎక్కువ కట్టి పోయినేడు కంటే సంతోషంగా ఉన్నాడు. ఈ గొడవ అసలు ధర గురించి కాదు అనడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

అలాగని ప్రతి ఓపెన్ సోర్స్‌నీ అమ్ముకోవచ్చు అని తీర్మానించేసుకోకండి. దాత సంకల్పం ఒక్కొక్కచోట ఒక్కోలా ఉంటుంది. మనకి బాగా దగ్గరి ఉదాహరణ తెలుగు ఫాంట్లు. ఫ్లెక్సీలు, శుభలేఖలు చేసే షాపుల్లో పెన్‌డ్రైవ్‌లో వందలకొద్దీ తెలుగు ఫాంట్లు పోసి అమ్మడం మీరు చూసే ఉంటారు. భానుగుడి దగ్గర మా ఫ్రెండ్ కొన్న ఒకటి నేను తెరిచి చూశాను. అందులో మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి ఉన్నాయి. ఇవి సిలికానాంధ్ర వాళ్లు తెలుగు కోసం వదిలినవి, గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దింపుకోవచ్చు. వీటి లైసెన్స్ పేరు ఓఎఫ్ఎల్. దాని మొదటి షరతే ఇది: ఫాంటుని విడిగా అమ్మకూడదు. ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మొచ్చు. ఆ ఫాంటుతో శుభలేఖ వేసి, ఫ్లెక్సీ కొట్టి, పుస్తకం అచ్చేసి ఎంతకైనా అమ్ముకోవచ్చు. ఫాంటునే సరుకుగా చేసి బేరం పెట్టకూడదు.

అదే పెన్‌డ్రైవ్‌లో పోతన 2000 కూడా ఉంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు తయారుచేసినది, జీపీఎల్ కింద ఉంది. దాన్ని అమ్మొచ్చు, లైసెన్స్ కూడా కలిపి ఇస్తే. దాంతో టైప్ చేసిన డాక్యుమెంటుకి మాత్రం జీపీఎల్ అంటుకోకుండా మినహాయింపు కూడా ఇచ్చారు. ఒకే ఫోల్డర్, పక్కపక్కన రెండు ఫైళ్లు. ఒకటి అమ్మితే దాత మాట దాటినట్టు, ఇంకోటి అమ్మితే దాత మాట ప్రకారమే. రెండూ ఉచితమే కదా అని ఒకే గాటన కట్టే అమ్మకందారుకి ఈ తేడా తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఓఎఫ్ఎల్‌లో ఒక సందు కూడా ఉంది, ఓ పనికిమాలిన చిన్న ప్రోగ్రామ్ జతచేసి ‘కలిపి అమ్మాను’ అనొచ్చు. ఈ సందు లైసెన్స్ రాసినవాళ్లకీ తెలుసు.  అందులోంచి దూరేవాడికి మాత్రం తను ఏం చేస్తున్నాడో తెలుసు.

పోతన పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. భాగవతాన్ని రాజుకి అంకితమివ్వనని, రాముడికే ఇస్తానని, పొలం దున్నుకు బతికాడని మనం తరతరాలుగా చెప్పుకునే పోతన పేరు మీద ఒక ఫాంటు, దాన్నేమో ఎవరైనా అమ్ముకోవచ్చట! మొదట చదివినప్పుడు నాకు కొంచెం చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే, ఆ భాగవతం మాత్రం మనకెలా చేరింది? ఎవరెవరో తాటాకుల మీద కాపీలు రాశారు, తర్వాత ప్రెస్సులవాళ్లు అచ్చేసి వెల పెట్టి అమ్మారు. గోరఖ్‌పూర్‌లో 1923లో మొదలైన గీతా ప్రెస్ కూడా గీతని తక్కువ ధరకి అయినా అమ్ముతూనే ఉంది. అది చూసి మనం భగవంతుడి మాట అమ్ముకుంటున్నారు అనం. ఒక ప్రచురణకర్త లేచి పోతన పద్యాలు ఇక మావి, ఇంకెవరూ వెయ్యకూడదు అంటేనే అంటాం.

అలాంటిది జరగదులే అనుకోకండి. మన ఛానెల్‌లో ఒక అక్క ఉత్త తంబురా మీద, తన గొంతుతో పాడిన భాగవత పద్యం వీడియోకి ఒక కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. వాళ్ల రికార్డింగు వాళ్లది, కాదనను. కానీ పద్యం వాళ్లది కాదు, అక్క గొంతు అసలే కాదు. వివాదం పెట్టాక తీసేశారు, అది వేరే సంగతి. ఆ ట్రస్టు సర్వర్ దగ్గర ఆయనన్న “మా సొంత ప్రోడక్టండి” గుర్తొచ్చింది నాకు. జబ్బు ఒకటే. అందరిదీ అయినదాని చుట్టూ కంచె వేసి, గేటు దగ్గర కూర్చుని టికెట్ చింపడం.

“మరి ఇది ఉచితంగా దొరుకుతుంది అని చెబితే ఎవరు కొంటారు బ్రో?” అని ఆఫీసులో నా పక్క సీటువాడు అడిగాడు. కొంటారు. క్రిత అనే బొమ్మలు వేసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని సైట్‌లో ఊరికే దొరుకుతుంది. అదే క్రితని దాన్ని తయారుచేసినవాళ్లే స్టీమ్‌లో, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బుకి పెట్టారు. దాచింది లేదు, అన్నీ బాహాటమే. కొనేవాళ్లు కొంటున్నారు, ఆ డబ్బు రాసేవాళ్లకి జీతాలవుతోంది. అందుకే 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన స్టోర్‌లో బయట ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్‌ని ఎవరూ అమ్మకూడదు అన్నట్టు రూల్ మార్చబోతే ముందు అభ్యంతరం చెప్పింది ఓపెన్ సోర్స్‌వాళ్లే. వాళ్ల ఉద్దేశం మంచిదే, వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్‌ని కాపీ కొట్టి అమ్మేవాళ్లని ఆపుదామని. కానీ ఆ దెబ్బ నిజంగా రాసినవాళ్లకి తగిలేలా ఉంది. జులైలో ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

ఇక నాకు తెమలని సంగతి ఒకటి మిగిలింది. లైసెన్స్‌లో ఉన్నవన్నీ తు.చ. తప్పకుండా పాటించాడు, సోర్స్ ఇచ్చాడు, నిజం చెప్పాడు, న్యాయమైన ధర తీసుకున్నాడు. కానీ రాసినవాళ్లకి తిరిగి ఒక్క రూపాయి, ఒక్క లైను కోడ్, కనీసం ఒక బగ్ రిపోర్టు కూడా పంపలేదు. వాడి సంగతేంటి? చట్టం ప్రకారం వాడు నిర్దోషి. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు యజ్ఞచక్రం గురించి చెబుతూ, పొందినదాంట్లోంచి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగ అనే అంటాడు. ఆ లెక్కలో వాడు నిర్దోషి కాడు.

ఇది ఉత్త వేదాంతం కాదండీ. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడి ప్రపంచంలో సగం ఇంటర్నెట్ వణికిపోయింది. బ్యాంకులు, షాపింగ్ సైట్లు, అందరూ ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ లోపం. అప్పటికి దానికి ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల చిల్లర. దాని మీద కోట్లు సంపాదించిన కంపెనీలెన్నో, ఎవరూ లైసెన్స్ తప్పలేదు. అందరూ ప్రసాదం తిన్నారు, వంటింట్లో పొయ్యి వెలుగుతోందో లేదో ఒక్కరూ తొంగి చూడలేదు.

మా సంగతి కూడా చెప్పాలి కదా. మన వీడియోలు కేడెన్‌లైవ్‌లో ఎడిట్ అవుతాయి, గొంతు ఆడాసిటీలో శుభ్రం అవుతుంది, లైవ్ ఓబీఎస్‌లో వెళ్తుంది, మీరు కింద చదివే తెలుగు అక్షరాలు మండలి ఫాంటు. అన్నీ ఎవరో ఇచ్చినవే. వాటితో చేసిన వీడియోకి యాడ్స్ డబ్బు వస్తుంది, కొంచెమే అనుకోండి, అయినా వస్తుంది. అందుకని ఈ ఏడాది వచ్చినదాంట్లో కొంత కేడెన్‌లైవ్ వాళ్లకి పంపుదామని మా టీమ్‌లో అడిగాను. “ఎక్కడో విదేశంలో ఉన్నవాళ్లకెందుకు, అదే డబ్బు అన్నదానానికి ఇస్తే పది మంది తింటారు కదా” అన్నారు ఒకరు. కాదనడానికి నా దగ్గర సూటి జవాబు లేదు, ఆకలి ముందు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంత? కానీ ఆయన ఆ మాట చెప్పి, వెంటనే కేడెన్‌లైవ్ తెరిచి ఏకాదశి వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టారు. మళ్లీ ఆదివారం కూర్చుంటున్నాం.